మా ఆవిడ చూసింది

చెకింగక్క చూసిందంటే చూసినట్టే. ఆ చొక్కాల ఫ్యాక్టరీలో ఈ మాటకి తిరుగు లేదు. కుట్టుపని అయిపోయిన ప్రతి చొక్కా ఆమె బల్ల మీదికి రావలసిందే. ట్యూబులైటు కింద పరిచి ముందు కాలరు చూస్తుంది, తర్వాత భుజాలు, జేబు, గుండీలు, కఫ్‌లు, ఆఖరికి తిరగేసి లోపలి కుట్టు. ఎక్కడైనా దారం తేలితే అక్కడో ఎర్ర బాణం స్టిక్కరు అంటించి వెనక్కి తోస్తుంది. బాగుంటే కుడిచేతి వైపు గుట్టలో వేస్తుంది. ఆ గుట్టలో పడ్డ చొక్కాని ఇంక నరమానవుడు విప్పి చూడడు. "అక్క చూశాక మళ్ళీ నేను చూడ్డమా? నాకింకేం పనిలేదా?" అంటాడు సూపర్‌వైజరు.

అలాంటి మనిషి జీవితం మొత్తమ్మీద ఒకే ఒక్కసారి, చూడనిదాన్ని చూశానని చెప్పింది. చొక్కా విషయంలో కాదు. ఓ లేచిన శవం ఓ నర్సుని కరిచిందా లేదా అన్న విషయంలో, అదీ కట్టుకున్న మొగుడికి. వింటే నవ్వొస్తుంది. నవ్వండి, తప్పేం లేదు. ఆమెకి మాత్రం అది గొంతులో ముల్లయి కూర్చుంది.

మొగుడు లిఫ్టు మెకానిక్కు. వీధిలో అందరికీ లిఫ్టాయన. పెద్ద మేడలో లిఫ్టు ఆగిపోతే నడుముకి తాడు బిగించుకుని ఆ చీకటి సందులోకి దిగి, గ్రీజు పూసి, ఈల వేసుకుంటూ పైకొచ్చే రకం. అంత గుండెగలవాడు, సినిమా హాల్లో తెర మీద శవం వేలు కదిలిందంటే చాలు, రెండు చేతులతో మొహం కప్పేసుకునేవాడు. పోనీ అంత భయమైతే మానెయ్యొచ్చుగా? అబ్బే! జాంబీ సినిమాలంటే పడిచచ్చేవాడు. పనిముట్ల పెట్టె మూత లోపల 'లేచినవాళ్ళు' సినిమా బొమ్మ అంటించుకున్నాడు. ఫోను మోగితే అందులోంచి ఆ శవాల మూలుగే. ఎదురింటావిడ ఓసారి ఆ మూలుగు విని, మనిషికేమయిందోనని తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

కాబట్టి హాల్లో చూసే పని చెకింగక్కది, కళ్ళు మూసుకునే పని ఆయనది. ఆమె ఆయన చెవిలో గుసగుసగా చెబుతూ ఉండేది. "వచ్చాడు. తలుపు దగ్గరున్నాడు. ఆ పిల్ల చూళ్ళేదు. ఇంకా... ఇంకా... లాగేశాడు. అయిపోయింది, తెరవండి."

"ఒట్టేనా?" అనేవాడు చేతుల్లోంచి.

"ఒట్టు."

ఓసారి సరదాకి, అవకుండానే అయిపోయిందంది. ఆయన తెరిచాడు. అప్పుడు ఆయన వేసిన కేకకి వెనక వరసవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ఆనాటి నుంచి ఒట్టు పెట్టందే తెరిచేవాడు కాదు. పిల్లాజెల్లా లేని ఇల్లు వాళ్ళది. ఇద్దరికీ రుచులు కలవవు, నిద్రవేళలు కలవవు, ఫ్యాను స్పీడు దగ్గర రోజూ గొడవే. ఆ చీకటి హాల్లో మాత్రం ఒకళ్ళ కళ్ళూ ఒకళ్ళ చెవులూ కలిపి ఒక సినిమా చూసేవాళ్ళు. "నాకేం ఇష్టమని? ఆయన గోల పడలేక వెళ్తున్నా" అని ఆమె అందరికీ చెప్పుకునేది. అది మాత్రం పచ్చి అబద్ధం.

ఇక అసలు సంగతి. 'లేచినవాళ్ళు' రెండో భాగం ఆఖరి సీను. ఆసుపత్రిలో ప్రాణాలతో మిగిలిన ఒకే ఒక్క నర్సు పరుగెత్తుకుంటూ వచ్చి లిఫ్టెక్కింది. తలుపులు మూసుకుంటున్నాయి. ఆ సందులోంచి ఓ తెల్లటి చెయ్యి లోపలికొచ్చి ఆమెని పట్టుకుంది. లిఫ్టులో దీపం ఆరిపోయింది. రెండు సినిమాల నుంచీ వెంట నడిచిన నర్సు కదా, చెకింగక్కకి ఆవిడంటే తోడబుట్టినంత ప్రేమ. ఆ క్షణాన తను కూడా గట్టిగా కళ్ళు మూసేసుకుంది. తెరిచేసరికి తెర మీద పేర్లు పడుతున్నాయి.

"ఏమయిందే? కరిచిందా?" అన్నాడు పక్క నుంచి లిఫ్టాయన.

నేనూ చూళ్ళేదండీ అంటే పోయేది. కానీ పొద్దస్తమానం చూడ్డమే పనిగా బతికే మనిషికి ఆ మాట నోటికి రాలేదు. "కరిచింది. మణికట్టు మీద. నేను చూశాగా" అనేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సీను దర్శకుడు చీకట్లో తీసి, మీరూ మీరూ కొట్టుకు చావండని జనానికి వదిలేశాడు. ఎన్నిసార్లు వేసి చూసినా తేలదు. సగం మంది కరిచిందన్నారు, సగం మంది కరవలేదన్నారు. ఫోన్లో 'లేచినవాళ్ళ సంఘం' అని ఓ గ్రూపు పుట్టింది. ఒకరి మొహం ఒకరు ఎరగరు, తెల్లారి లేస్తే ఇదే వాదన. లిఫ్టాయన అందులో దూరి "కరిచింది. మా ఆవిడ చూసింది" అని వాయిస్ పెట్టాడు. మీరు చూశారా అని అడిగితే, "నేను చూళ్ళేదండీ. మా ఆవిడ చూసింది. దారప్పోగు తేలితే పట్టేసే మనిషి, పళ్ళగాటు పట్టలేదా?" అనేవాడు. దాంతో గ్రూపులో ఆయన పేరే 'మా ఆవిడ చూసింది గారు' అయిపోయింది. అవతలి జట్టుకి నాయకుడు సోడాబుడ్డి అని ఒకతను. ఇద్దరూ పగలంతా వాయిసుల్లో దులుపుకునేవాళ్ళు, పుట్టినరోజు వస్తే అందరికంటే ముందు ఒకరికొకరు శుభాకాంక్షలు చెప్పుకునేవాళ్ళు.

చెప్పేద్దామని చెకింగక్క ఎన్నిసార్లు అనుకుందో. కానీ ఆయన సోడాబుడ్డిని కడిగేసి, ఫోను పక్కన పెట్టి, "నా దగ్గర సాక్ష్యముంది. వాడి దగ్గరేముంది?" అంటూ తనవైపు గర్వంగా చూస్తుంటే లేచి టీ పెట్టడానికి వెళ్ళిపోయేది. మూడో భాగం రానీ, ఇంటర్వెల్లో చెప్పి ఇద్దరం నవ్వుకుందాం అనుకుంది. మూడో భాగం ఇదిగో వస్తోంది, అదిగో వస్తోందంటూ వాయిదాలు పడింది. ఈలోగా ఓ పొద్దున బూటు లేసు కట్టుకుంటూ లిఫ్టాయన అలాగే పక్కకి ఒరిగిపోయాడు. గుండె అన్నాడు డాక్టరు.

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా లేదు. ఫ్యాను ఆమెకి కావలసిన స్పీడులోనే తిరుగుతోంది, తగ్గించమనేవాడు లేడు. చలేసినా లేచి తగ్గించబుద్ధి కాదు. బూట్లు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి, ఒకదానికి లేసు కట్టి, ఒకదానికి కట్టకుండా. ఆయన ఫోనుకి మాత్రం రోజూ ఛార్జింగు పెడుతుంది. సాయంత్రం పని నుంచి వచ్చి, ఆ ఫోను ఎదురుగా నిలబెట్టుకుని, గ్రూపులో వాయిసులు వింటూ తింటుంది. ఆ ఇంట్లో మనుషుల గొంతులు వినబడేది ఆ కాసేపే.

అలా ఓ సాయంత్రం మూడో భాగం ట్రైలరు వచ్చి పడింది. గ్రూపు ఊగిపోయింది. అదే ఆసుపత్రి, అదే లిఫ్టు. తలుపులు కొంచెం విడివడ్డాయి, లోపలేముందో కనబడేలోపే ట్రైలరు అయిపోయింది. "అదేం లిఫ్టే? తలుపులు అలా తెరుచుకోవు!" అని విసుక్కునేవాడు ఆయనుంటే. జనం ఆ ముక్కని ఆపి ఆపి చూస్తున్నారు, నీడల్ని పెద్దవి చేసి గీతలు గీసి పెడుతున్నారు. ఒకడు ఆనందం పట్టలేక ఊరికే మూలిగి పంపాడు. ఆ గోలలో సోడాబుడ్డి గొంతు ఖంగుమంది.

"ఏమండీ, మా ఆవిడ చూసింది గారూ! అజాపజా లేరు, దాక్కున్నారా? విడుదల రోజు పొద్దుటాటకి అందరం పాత హాలుకి వస్తున్నాం. మీ ఆవిడ కళ్ళు ఏపాటివో అక్కడే తేలిపోతుంది. వస్తున్నారా లేదా?"

ఆయన పోయారని రాయాలి. రాద్దామనే ఫోను చేతిలోకి తీసుకుంది. కళ్ళు మసకబారాయి, వేలు ఎక్కడో పడింది. ఎత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి టింగుమని గ్రూపులోకి వెళ్ళిపోయింది. అంతే, "వస్తున్నారు! మనాయన వస్తున్నారు!" అని ఒకటే గోల. అంత సంబరంలో, ఆయన లేడమ్మా అని ఏ చేత్తో రాస్తుంది? ఫోను బోర్లించి పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"నీకేమైనా పిచ్చా వదినా?" అంది ఆడపడుచు, సినిమాకి వెళ్తున్నానని చెబితే. "అన్నయ్య పోయి ఏడాదన్నా తిరగలేదు. చచ్చినవాళ్ళు లేచొచ్చే సినిమాకా వెళ్ళేది? నీకు భయం వెయ్యదూ?"

"లేచొస్తే రానీ" అంది చెకింగక్క. "మీ అన్నయ్య కరిచే రకం కాదు. టీ పెట్టమంటాడు."

ఆడపడుచు నవ్వబోయి ఏడ్చేసింది. వదిన అసలు భయమేమిటో ఆవిడకి తెలియదు. కరవలేదని తేలితే? ఆయన ఇన్నేళ్ళు నలుగురిలో ఛాతీ విరుచుకుని చెప్పిన మాట గంగలో కలుస్తుంది. పోయిన మనిషి నవ్వులపాలవుతాడు, అదీ తన మూలాన. చొక్కాలో తప్పుంటే కొన్నవాడు తిరిగి పంపిస్తాడు, సరిచేసుకోవచ్చు. దీన్నెక్కడ సరిచేస్తుంది? ఆ వారమే ఫ్యాక్టరీలో కఫ్‌కి గుండీ లేని చొక్కా ఒకటి కుడివైపు గుట్టలో దొరికింది. సూపర్‌వైజరు పల్లెత్తు మాట అనలేదు. దాన్ని మెల్లగా ఆమె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకి.

విడుదల రోజు సెలవు పెట్టి హాలుకి వెళ్ళింది. వరండా నిండా శవాలే. మొహాలకి తెల్లరంగు, మూతులకి ఎర్రరంగు, చింపుకున్న చొక్కాలు. అలవాటు చొప్పున ఆమె కళ్ళు ఆ చొక్కాల కుట్ల మీదికే పోయాయి. పాత హాలు కాబట్టి సీట్లకి నంబర్లు లేవు, ముందు వచ్చినవాడిదే సీటు. నడిచే దారి పక్కన చివరి సీటొకటి ఖాళీగా కనబడితే దగ్గరికెళ్ళింది. దాని మీద కర్చీఫు పరిచి ఉంది.

"ఇక్కడ ఒకాయన వస్తున్నాడండీ" అన్నాడు అవతల కూర్చున్న బొద్దుపాటి శవం. "ఆయనకి చివరి సీటే కావాలి. భయమేస్తే పారిపోవడానికి వీలుగా ఉంటుందట."

ఆమె కర్చీఫు మీంచి తలెత్తి చూసింది. రోజూ సాయంత్రం తన ఇంట్లో వినబడే గొంతు అది. తెల్లరంగు మొహమ్మీద నిజంగానే దళసరి కళ్ళద్దాలు. "మీరు ఇందులో కూర్చోండమ్మా" అంటూ సోడాబుడ్డి మధ్యసీటులోంచి తన సంచీ తీశాడు. కర్చీఫుకీ అతనికీ మధ్య ఒదిగి కూర్చుంది చెకింగక్క.

అతను మాటిమాటికీ తలుపు వైపు చూస్తున్నాడు. "రాడేంటండీ ఈయన? ఇన్నేళ్ళుగా తిట్టుకుంటున్నాం, ఇవాళైనా మొహం చూద్దామనుకున్నా" అన్నాడు. ఆమె కర్చీఫు అంచు సరిచేసింది. దీపాలు ఆరిపోయాయి.

సినిమా సరిగ్గా ఆ లిఫ్టు దగ్గరే మొదలైంది. తలుపులు విడివడుతున్నాయి. ఈసారి చూసి తీరాలని ఎంత గట్టిగా అనుకుని వచ్చిందో! చేతులు వాటంతటవే లేచి మొహం కప్పేశాయి. హాలంతా చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. మరుక్షణం పైకప్పు ఎగిరిపోయేలా అరుపులు. అవి ఏ జట్టువో ఆమెకి తెలియలేదు.

"ఏమయింది? ఏమయింది బాబూ?" అంది చేతుల్లోంచి.

"కరిచిందండీ! మణికట్టు మీదే! ఓడిపోయాను!" అన్నాడు సోడాబుడ్డి నెత్తి బాదుకుంటూ.

అంతలో ముందు వరసల్లోంచి ఎవరో లేచి నిలబడి కేకేశాడు. "మా ఆవిడ చూసింది గారూ! మీరే గెలిచారండీ! ఎక్కడున్నారు? చెయ్యెత్తండీ!"

హాలు హాలంతా అందుకుంది. చప్పట్లు, ఈలలు, మా ఆవిడ చూసింది గారూ, చెయ్యెత్తండీ అని. ఆయన పేరు అంతమంది నోట వినడం ఆమెకి అదే మొదలు. ఎత్తాల్సిన చెయ్యి లేదు. చెకింగక్క తన చెయ్యి ఎత్తింది.

చీకట్లో ఆ చెయ్యి ఎవరిదో ఎవరికీ ఆనలేదు, చెయ్యి కనబడితే చాలన్నట్టు మరోసారి ఈలలు వేసి కూర్చున్నారు. పక్కనున్న సోడాబుడ్డి మాత్రం ఆమెని చూశాడు, కర్చీఫు వైపు చూశాడు.

"ఆవిడ... మీరేనా? మరి ఆయనేరీ?"

"లేరు బాబూ. పోయారు. ఆ బొటనవేలు నా చెయ్యి తగిలి వెళ్ళింది."

అతను కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మొహమ్మీద రంగంతా చెరిగిపోయింది. "ఆయన మాటే నెగ్గిందమ్మా. మీరు చూసిందే నిజం" అన్నాడు.

"నేను చూళ్ళేదు" అంది చెకింగక్క. "ఆ రోజు నేనూ కళ్ళు మూసుకున్నా. ఊరికే అన్నాను. ఆయన నమ్మేశారు. ఇంటర్వెల్లో చెబుదామనుకున్నా."

సోడాబుడ్డి తుడిచిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ రోజు నేను మాత్రం చూశానా ఏంటి?" అన్నాడు. "భయమేస్తే కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంటా. ఇందాకొక్కసారే, పంతం కొద్దీ పెట్టుకుని చూశా."

చూడనిదాని కోసం చూడనివాళ్ళు ఇన్నేళ్ళు కొట్టుకున్నారన్నమాట! ఇది వింటే లిఫ్టాయన కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వేవాడు, బస్సులో నవ్వేవాడు, ఇంటికెళ్ళి మళ్ళీ నవ్వేవాడు. ఆమెకీ నవ్వు వచ్చింది. వచ్చి, పక్కకి తిరిగితే కర్చీఫు ఉంది. ఆయన్ని సాగనంపిన రోజున కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు ఆమెకి.

తెర మీద నర్సు మణికట్టు పట్టుకుని చీకటి వరండాలో నడుస్తోంది. ఆమె కళ్ళు మెల్లగా తెల్లబడుతున్నాయి. హాల్లో గుసగుసలు ఆగిపోయాయి. సోడాబుడ్డి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "అయిపోయాక కాస్త చెబుతారా అమ్మా?" అన్నాడు.

చెకింగక్క నిటారుగా కూర్చుంది. ఒక చెయ్యి కర్చీఫు మీద వేసి, బల్ల మీద చొక్కా పరిచినట్టు, తెరని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూడ్డం మొదలుపెట్టింది. మూసుకోమని రెప్పలు పోరుతున్నాయి. మూసుకోలేదు.

"అయిపోయిందా?"

"ఇంకా లేదు" అంది. "ఉండు. నేను చూస్తున్నాను."