ఎనిమిది పిక్కల షో

మా డ్రిల్లు మాస్టారు పోయారన్న కబురు పాలాయన చెప్పాడు. అప్పుడు నేను జగ్గయ్యపేటలోని నా సైకిలు షాపు ముందు కూర్చుని, ట్యూబు నీళ్ళ బేసిన్లో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని చూస్తున్నాను. "మీ మాస్టారు తెల్లారుజామున పోయారంటండీ. ఇవాళ పాలు వద్దన్నారు" అన్నాడు. బుడగలు లేస్తూనే ఉన్నాయి. చిల్లు ఎక్కడుందో మాత్రం నాకు కనపడలేదు.

ఈ ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళ మీద ఒక పరాచికం చెప్పి, ఏడ్చేవాళ్ళను కూడా నవ్వించి వచ్చే మనిషిని నేను. ఈసారి నోరు పెగల్లేదు. అందుకని థర్డు ఫారంతో ఆగిపోయిన చదువుతోనే ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకోండి. అక్షరాల తప్పుల సంగతే చెబుతున్నాను. అసలు తప్పు ముందుంది.

బళ్ళో ఉండగా ఒకసారి ఆయన విజిల్లోంచి గింజ తీసేశాను. డ్రిల్లు మొదలుపెట్టబోయి ఊదితే ఉత్త గాలి వచ్చింది. ఎవడు తీశాడని ఆయన అడగలేదు, బెత్తం ఎత్తలేదు. ఆ రోజు నుంచి చప్పట్లు కొట్టి డ్రిల్లు చేయించారు. అరచేతులు ఎర్రగా కందిపోయేవి. నావైపు ఒక్కసారి కూడా చూసేవారు కాదు. వారం తిరిగేసరికి ఉండబట్టలేక నేనే వెళ్ళి ఆ గింజ ఆయన బల్ల మీద పెట్టాను. "ఇంకో రెండు రోజులు పడుతుందనుకున్నానురా" అన్నారు. అంతే.

రిటైరయ్యాక మధ్యాహ్నం పూట నా షాపుకి వచ్చేవారు. ఎండ వేళ సైకిలు అద్దెకు ఎవరూ రారు. చేతులు కడుక్కుని, ముక్కాలిపీట మీద నిటారుగా కూర్చుని, సంచిలోంచి చింతపిక్కల డబ్బా తీసేవారు. ఇద్దరం గోనెపట్టా మీద మూడుముక్కలాట ఆడేవాళ్ళం. డబ్బు పెడితే ఆయన కూర్చోరు. తలా మూడు ముక్కలు. ఒకరు పిక్కలు వేస్తే రెండోవాళ్ళు అన్నే వెయ్యాలి, లేదా ఇంకా ఎక్కువ వెయ్యాలి, లేదా ముక్కలు పడెయ్యాలి. అవతలివాడు వేసినదానికి రెట్టింపు వేస్తే షో అడగొచ్చు, అప్పుడు ఇద్దరూ ముక్కలు తిప్పాలి.

నాది తోసుడు ఆట. చేతిలో ఏమున్నా లేకపోయినా గుప్పెడు పిక్కలు కుమ్మరించి, తొడ కొట్టి, "మాస్టారూ, ఎందుకొచ్చిన బాధండీ, ఇంటికెళ్ళి పడుకోండి" అనేవాణ్ణి. ఆయన ఒక్కొక్క పిక్కా డ్రిల్లు అంకెల్లాగా "ఒకటి, రెండు" అనుకుంటూ, నేను వేసినన్నే వేసేవారు. సాయంత్రానికి పిక్కలన్నీ ఆయన ముందుండేవి.

"ఇంత తోస్తున్నా మీకు భయం లేదేంటండీ?" అని ఒకరోజు ఉక్రోషంగా అడిగాను.

"నువ్వు ప్రతిసారీ తోస్తావు. ప్రతిసారీ మంచి ముక్కలు ఎవడికొస్తాయిరా? నలుగురు ఆడేచోట పారేసే ముక్కలు ఇద్దరి ఆటలో పారెయ్యకూడదు. చిన్న జత పడ్డా పెద్దదే. మంచి ముక్కలొస్తే నీకు ఎదురు తొయ్యను, తోస్తే పారిపోతావు. ఊరికే కూర్చుంటే నీ పిక్కలు నువ్వే మోసుకొచ్చి నా ముందు పోస్తావు."

"మరెప్పుడు భయపడతారు?"

"నువ్వు నోరు మూసుకున్న రోజు."

నవ్వేశాను. కానీ ఆ మాట దాచుకున్నాను.

ఆయనకు నందిగామలో అన్నగారు ఉండేవారు. ఒక పెళ్ళిలో పదిమందిలో ఆ అన్నగారు, "గుంజీలు తీయించడం కూడా ఒక ఉద్యోగమేనా" అన్నారట. అప్పటినుంచి పన్నెండేళ్ళు మాస్టారు ఆ గడప తొక్కలేదు. ఒక వేసవిలో అన్నగారి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మంచాన పడ్డాను, ఒకసారి వచ్చి పొమ్మని. ఆ కార్డు తెచ్చి పిక్కల డబ్బా కింద పెట్టారు.

"వెళ్ళండి మాస్టారూ. గంటలో నందిగామ" అన్నాను.

"వెళ్తే ఆ మాట మింగినట్టే గదరా." కాసేపు ముక్కలు కలుపుతూ కూర్చున్నారు. "తలా ఇరవై పిక్కలు. నేను గెలిస్తే రేపు మొదటి బస్సుకి వెళ్తా. ఓడితే వెళ్ళను. మాట మాటే."

ఆయనకు వెళ్ళాలనే ఉంది. ఉతికిన చొక్కా వేసుకుని, షాపుకి వచ్చేముందు బస్సు టైము కూడా కనుక్కుని వచ్చారు. అది తెలిసీ కూర్చున్నాను. నేను చెయ్యాల్సిందల్లా రోజూలాగే ఓడిపోవడం.

నాకు ఇస్పేటు రెండు, కళావరు ఐదు, ఆఠీను తొమ్మిది పడ్డాయి. చెత్త. చెత్త పడితే రోజూ చేసే గోల చెయ్యబోయి ఆగాను. ఈయన మాట ఈయన మీదే పారుతుందేమో చూద్దామన్న దురద. నోరు మూసుకున్నాను. తొడ కొట్టలేదు. ఆయనలాగే నిటారుగా కూర్చుని, ఒక్కొక్క పిక్కా నెమ్మదిగా పెట్టాను. నందిగామ సంగతి ఆ కాసేపు నా బుర్రలో లేదంటే నమ్మండి, నమ్మకపొండి.

మధ్యలో కుప్ప పెరిగింది. ఆయన దగ్గర ఎనిమిదే మిగిలాయి. నేను నాలుగు పెట్టాను. ఎనిమిది వేస్తే షో. షోలో ఓడితే ఆట అయిపోయినట్టే, పడేస్తే ఆ ఎనిమిదీ మిగులుతాయి. ఆయన ఎనిమిదీ అరచేతిలోకి తీసుకుని నా మొహంలోకి చూశారు. నేను పంపు వైపు చూస్తున్నాను. పిక్కలు తిరిగి కింద పెట్టి ముక్కలు పడేశారు. వెల్లకిలా పడ్డాయి, రెండు రాణులు. షో అడిగుంటే గెలుపు ఆయనదే.

"ఇవాళ నువ్వు మాట్లాడలేదురా" అన్నారు.

మిగిలిన ఎనిమిదీ ఎంతోసేపు నిలవలేదు. "ఇదంతా ఉత్తిదండీ, వెళ్ళిరండి" అనాలి నేను. గెలిచిన మత్తులో ఈలలు వేశాను. ఆయన కార్డు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు.

పదో రోజున నందిగామ నుంచి మనిషి వచ్చాడు. మాస్టారితో నేనూ వెళ్ళాను. మేం చేరేసరికి అన్నగారిని బయట పడుకోబెట్టి ఉంచారు. వదినగారు, "రోజూ బస్సు హారను వినపడితే నువ్వేనేమో చూడమనేవాడయ్యా" అన్నది. తిరిగి వస్తుంటే బస్సు చిల్లకల్లులో ఆగినప్పుడు మాస్టారు అడిగారు.

"ఆ రోజు నీ చేతిలో ఏముందిరా?"

"మూడు రాజులండీ" అన్నాను.

"అయితే పడెయ్యడమే మంచిదయింది" అన్నారు.

ఆయన మనసు కుదుటపడటానికి అలా చెప్పానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఏడాది పోయాక మళ్ళీ అడిగారు. మొదటి అబద్ధం మరిచిపోయి "మూడు జాకీలు" అన్నాను. ఆయన తలూపి ముక్కలు పంచారు. ఇంకోసారి కళావరులో వరసన్నాను. ముక్కలు మారాయేమిరా అని ఆయన ఒక్కనాడూ నిలదియ్యలేదు. నేను ఆటలో ఎంత గోల చేసినా ఎదురు తొయ్యకుండా కూర్చునే మనిషి, దీన్లోనూ అలాగే కూర్చున్నారు. విజిలు గింజకు నాకు వారం పట్టింది. దీనికి ఆయన ఐదేళ్ళు ఆగి, ఇక ఆగలేక పోయారు.

పదకొండో రోజు మాస్టారి ఇంటికి వెళితే అమ్మగారు పిక్కల డబ్బా, పేకదస్తా నా చేతిలో పెట్టారు. "ఆయన ఇవ్వమన్నారేమోననుకోకు. ఏమీ చెప్పలేదు. ఇంట్లో ఉంచుకుని నేనేం చేసుకుంటాను" అన్నారు.

షాపుకొచ్చి గోనెపట్టా పరిచాను. ముక్కాలిపీట ఎదురుగా వేశాను. దస్తాలోంచి మూడు ముక్కలు ఏరి నావైపు బోర్లా పెట్టుకున్నాను. ఆ రోజు ఆయన అరచేతి దాకా తీసుకుని వెయ్యని ఎనిమిది పిక్కలు డబ్బాలోంచి ఆయన తరఫున తీశాను. ఒకటి, రెండు అని ఆయనలాగే లెక్కపెట్టి మధ్యలో వేశాను. తర్వాత ముక్కలు తిప్పి, పీట మీద కూర్చున్నవాళ్ళకు కనపడేట్టు పెట్టాను. ఇస్పేటు రెండు, కళావరు ఐదు, ఆఠీను తొమ్మిది.

చీకటి పడేదాకా తియ్యలేదు. సైకిళ్ళ కోసం వచ్చినవాళ్ళు ఎందుకో ఆ గోనెపట్టా తొక్కకుండా, పక్కనుంచి నడిచారు.