బూజు డాక్టరమ్మ కాగితాలు

ఆ వీధిలో ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. పంటలకు, నిలవ గింజలకు పట్టే బూజుల మీద పరిశోధన చేసి, డాక్టరేటు తెచ్చుకుని, జుట్టు నెరిసేదాకా ఒకే ప్రయోగశాలలో పనిచేసింది కాబట్టి అందరికీ బూజు డాక్టరమ్మే. ఆవిడకూ ఆ పేరు నచ్చింది. "గుండె డాక్టరంటే లేని నొప్పి మొదలవుతుంది. నన్ను చూసి ఎవరికీ భయం లేదు, బూజుకి తప్ప" అనేది.

ఉత్తరాలకు మాత్రం ఆ ఇంట్లో కరువు లేదు. తెగులు పట్టిన ఆకును మడిచి కవర్లో పెట్టి పంపే రైతులు, గోనెసంచుల్లో గింజలు నల్లబడ్డాయని గోలపెట్టే కొట్ల యజమానులు, స్నానాల గది గోడకు ఏం పూయాలని అడిగే ఇల్లాళ్ళు, ఎక్కడో దూరదేశంలో అదే బూజుతో తల పట్టుకు కూర్చున్న శాస్త్రవేత్తలు. అందరికీ జవాబు రాసేది, కార్బన్ పెట్టి నకలు దాచేది. రైతుకైతే రెండు పేజీలు, ప్రొఫెసరుకైతే ఒకటి. ప్రొఫెసరుకు సగం తెలుసు కాబట్టి సగం రాస్తే చాలని ఆవిడ లెక్క. ఒకసారి పైఅధికారి ఒకాయన ఎండుటాకు పంపి, ఇది కొత్త తెగులేమో చూడమన్నాడు. "తెగులు కాదండీ, టీ మరక. మీ బల్ల తుడిపించండి" అని జవాబు వెళ్ళింది. ఆ ఏడాది రావలసిన ప్రమోషన్ వెనక్కి పోయినా ఆవిడ నిద్ర మాత్రం ఎక్కడికీ పోలేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఉత్తరాలు చెల్లెలివి. చెల్లెలు బట్టలు కుట్టేది. కొలతలు గీసే మందపాటి తెల్లకాగితం దాని దగ్గర పుష్కలంగా ఉండేది. ఆ కాగితాన్నే కత్తిరించి, ఒకవైపు మాత్రం రాసి పంపేది. ప్రయోగశాలలో ఇచ్చేవేమో గీతల కాగితాలు, వాటి మీద సిరా అలుక్కుపోయేది. మైక్రోస్కోపులో కనిపించింది కనిపించినట్టు గీయాలంటే అక్కకు చెల్లెలి కాగితమే కావాలి. ఉత్తరం చదవడం, తిరగేయడం, వెనకవైపు బూజు బొమ్మ గీయడం. అలా ఏళ్ళు గడిచిపోయాయి. పైగా వాటిని సర్దేటప్పుడు ఆవిడ చూసింది బొమ్మలనే. అందుకే చెల్లెలి కాపురం గొడవలన్నీ గోధుమ బూజుల పెట్టెలోను, కొత్త కుట్టుమిషను కొన్న సంబరం చిక్కుడు తెగుళ్ళలోను చేరాయి.

రిటైరయ్యాక సంస్థవాళ్ళు ఆ కాగితాలన్నీ తమ లైబ్రరీకి ఇమ్మని అడిగారు. ఆవిడ సంతోషంగా సరేనంది. లైబ్రేరియన్ వచ్చి ముందుగదిలో చాప పరుచుకుని, అట్టపెట్టెలు ఒక్కొక్కటే విప్పి చూడసాగాడు. అప్పుడే చెల్లెలు వచ్చింది. పరాయి మనిషి చేతిలో తన అక్షరాలు చూసేసరికి గుమ్మంలోనే ఆగిపోయింది.

అక్కను వంటగదిలోకి లాక్కెళ్ళింది.

"అవన్నీ ఊరి మీద పెడతావా?"

"ఊరి మీద ఎందుకే? లైబ్రరీలో పెడతారు. చదవాలనుకున్నవాళ్ళు చదువుతారు."

"మిగతావి ఏమైనా చేసుకో అక్కా. నా మొగుడి సంగతి ఎవడు చదివినా నాకు లెక్క లేదు. ఆ ఒక్క ఉత్తరం మాత్రం ఇచ్చెయ్. బిడ్డ కడుపులో ఉన్నప్పుడు రాసింది."

అక్కకు అర్థమైంది. మొగుడింటి నుంచి బయటపడే దారి కనిపించనప్పుడు చెల్లెలు రాసిన ఉత్తరం అది. ఈ బిడ్డ నాకు వద్దు, పుట్టినా దాని మొహం చూడలేనేమో అని రాసింది. ఆ పుట్టిన పిల్ల ఇదే ఇంట్లో పెరిగింది. ఇప్పుడు అదే సంస్థలో పరిశోధన చేస్తోంది, అదే లైబ్రరీలో పొద్దస్తమానం కూర్చుంటుంది. పెద్దమ్మ కాగితాలు ఎప్పుడొస్తాయా అని కళ్ళల్లో వత్తులు వేసుకుని చూస్తోంది.

"దాని కంట పడితే నేను బతకలేను" అంది చెల్లెలు.

"పడదు. పద, వెతుకుదాం. ఆ ఏడాది ఏం బూజు వచ్చింది?"

"నాకేం తెలుసు! నేను మొగుణ్ణి వదిలేసి వచ్చిన ఏడాది."

"అలా చెబితే ఎలాగే? ఆ ఏడు వానలు ఆగలేదు, వేరుశనగ గింజలకి నల్లబూజు పట్టింది. ఆ మూల పెట్టె తియ్యి."

ఉత్తరం ఆ పెట్టెలోనే దొరికింది. ఇది లైబ్రరీకి రాదని చెబితే, లైబ్రేరియన్ దాన్ని తిరగేసి చూసి ఉలిక్కిపడ్డాడు. ఆవిడకు దేశదేశాల్లో పేరు తెచ్చిన బొమ్మ అదే. ఆ నల్లబూజు కాడకు ఉంగరంలాంటి కట్టు ఉందని, కాబట్టి ఇది వేరే జాతి అని మొదటిసారి చూపించిన బొమ్మ.

"మేడమ్, ఇది లేకపోతే మిగతా పెట్టెలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. పోనీ, బొమ్మవైపు మాత్రం ఫొటో తీసుకుంటాను."

చెల్లెలు కాగితాన్ని వెలుగుకు పెట్టింది. ఆ రోజు కలం ఎంత గట్టిగా నొక్కి రాసిందో, అంత మందం కాగితంలోనూ సిరా అవతలికి దిగింది. బూజు కాడల మధ్య "వద్దు" అన్న మాట తిరగబడి కనిపిస్తోంది. లైబ్రేరియన్ కెమెరా సంచిలో పెట్టేశాడు.

అప్పుడు చెల్లెలికి ఇంకో సంగతి తట్టింది. బొమ్మ కింద తేదీ ఉంది. ఉత్తరం మూల అక్క వేసుకున్న అందిన తేదీ కూడా అదే.

"నేను ఇలా రాస్తే, నువ్వు చదివి, వెనకాల బూజు గీస్తూ కూర్చున్నావా?" అంది చెల్లెలు.

ఇన్నేళ్ళలో ఎవరికీ తడుముకోకుండా జవాబిచ్చిన మనిషి మొదట ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. తర్వాత చెల్లెలి పక్కనే చాప మీద కూలబడింది.

"ఉత్తరం పొద్దున వచ్చింది. మీ ఊరికి సాయంత్రం దాకా బస్సు లేదు. నా చేతులు ఒకటే వణుకు. నువ్వు ఏమైనా చేసుకుంటావేమోనని చచ్చేంత భయమేసిందే. గీత గీస్తే నా చెయ్యి ఆగుతుంది, అది నాకు అలవాటు. కాగితం కోసం వెతకలేదు, చేతిలో ఉన్నదే తిరగేశాను. బస్సు వేళయ్యేదాకా ప్రయోగశాలలో మైక్రోస్కోపు ముందునుంచి తలెత్తకుండా గీశాను. తర్వాత వచ్చి నిన్ను తీసుకొచ్చాను."

చెల్లెలికి ఆ రాత్రి గుర్తుంది. తలుపు తీస్తే అక్క తడిసి ముద్దై నిలబడి ఉంది. సంచి సర్దుకో అని తప్ప ఇంకో మాట అనలేదు. ఇప్పుడు అది అక్క భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. లైబ్రేరియన్ పెట్టె మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు.

ఏడుపు తగ్గాక చెల్లెలు నీళ్ళు నమిలింది. "పోనీ ఉంచెయ్ అక్కా. నీ జీవితమంతా దీంట్లో ఉంది. పిల్లకి ఎలాగో నచ్చచెప్పుకుంటాను."

"నా జీవితం దీంట్లో ఎందుకుంటుంది? నీ బెంగ ఉంది దీంట్లో" అంటూ అక్క కాగితాన్ని దాని చేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. "చించెయ్."

చెల్లెలు చించింది. ముక్కలు ముక్కలుగా, ఒక్క అక్షరం మిగలకుండా చించింది. లైబ్రేరియన్ మొహం అటు తిప్పుకున్నాడు. తన సొంత ఆస్తి పోయినంత బాధపడ్డాడు పాపం.

"అంత దిగులెందుకు బాబూ? గింజలు తడిపి మూతపెడితే ఆ బూజు మళ్ళీ మొలుస్తుంది. దాని ఉంగరం ఎక్కడికీ పోదు" అందావిడ.

అన్నట్టే చేసింది. ప్రయోగశాల నుంచి పాత మైక్రోస్కోపు తెప్పించి కిటికీ దగ్గర పెట్టుకుంది. బూజు మొలిచాక, చెల్లెలు పక్కన కూర్చుని చూస్తుండగా గీసింది. గీత మునుపటంత సన్నగా రాలేదు, అక్కడక్కడ వణికింది. ఉంగరం మాత్రం ఉన్నచోటే ఉంది. పెట్టెలు తీసుకెళ్ళడానికి వచ్చిన లైబ్రేరియన్ బొమ్మను వెలుగులో పెట్టి చూసి మురిసిపోయాడు.

"తేదీ వెయ్యలేదు మేడమ్. పాతదే వేస్తారా? ఎవరికీ తెలియదు."

"నాకు తెలుసుగా" అని ఆవిడ ఆ రోజు తేదీ వేసి సంతకం పెట్టింది.

"మరి మొదటి బొమ్మ ఏమైందని అడుగుతారు. మీ అమ్మాయే ముందు అడుగుతుంది. జాబితాలో ఏం రాయమంటారు?"

చెల్లెలు అక్క వైపు చూసింది.

"గీసినావిడే చింపించిందని రాయి. ఎందుకని మా పిల్ల అడిగితే నా దగ్గరికి పంపు" అంది బూజు డాక్టరమ్మ. "ఆ రోజు నేను ఎంత భయపడ్డానో దానికి చెబుతాను. వాళ్ళమ్మ సంగతి మాత్రం చెప్పను."