చేపల డ్రమ్ము మీద సర్దార్ సంతకం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ రోజులంటే మరీ పాతవేమీ కావు. ఫోన్లో ఒక వీడియో చూస్తే ఏ విద్యయినా వచ్చేస్తుందని జనం నమ్మడం మొదలుపెట్టిన కాలం. గోదావరిఖనిలో జంతుశాస్త్రంతో డిగ్రీ ముగించి, సెంటినరీ కాలనీకి కూతవేటు దూరంలో బాపు బొగ్గుగని నుంచి రిటైరయ్యాక కట్టుకున్న ఇంటి పెరట్లో రెండు గుండ్రటి టార్పాలిన్ తొట్లు నిలబెట్టి కొరమీను పెంచేవాణ్ణి. (నిజానికి అవే పెరిగేవి. నేను మేత వేసి పక్కన నిలబడేవాణ్ణి.) చేపలకు నా మీద ఫిర్యాదేమీ ఉన్నట్టు కనబడలేదు. ఫిర్యాదంతా పక్కింటి పెద్దవ్వది. తొట్టి అడుగున చేరే పెంట, మిగిలిపోయిన మేత కలిసిన నల్లటి నీళ్లను నేను రోజూ కాలువలోకి వదిలేవాణ్ణి, ఆ కాలువ ఆమె అరుగు ముందు నుంచే పోయేది.

"బొగ్గుబాయి పక్కన ఇన్నేండ్లు బతికిన, ఎన్నడు ముక్కు మూసుకోలే. నీ కొడుకు చేపలొచ్చినంక కొంగు ముక్కుకు కట్టుకోని బువ్వ తింటున్న" అని ఒకరోజు ఆమె బాపును నిలదీసింది.

బాపు తక్కువ మాటల మనిషి. "వాసనన్న పోవాలె, చేపలన్న పోవాలె. దసరా దాక చూస్త. బాయి గేటు కాడ సెక్యూరిటీ నౌకరి మాట్లాడి పెట్టిన" అన్నాడు. యూనిఫారానికి నా పాత చొక్కా కొలత కూడా ఇచ్చి వచ్చాడని తర్వాత తెలిసింది.

మళ్లీ ఫోను పట్టుకున్నాను; ఉపాయం దొరికింది. తొట్టి నీళ్లను ఒక డ్రమ్ములో నిలవనివ్వాలి. తేరిన నీళ్లు కూరగాయ మళ్లకు. అడుగున పేరిన బురదను, మూత బిగించిన ఇంకో నీలం డ్రమ్ములో పేడతో కలిపి మగ్గబెట్టాలి. పుట్టిన గ్యాసు, వాల్వు బిగించిన పైపులోంచి లారీ ట్యూబులో నిండుతుంది, అక్కణ్ణుంచి పొయ్యికి వెళ్తుంది. మిగిలిన మడ్డి ఎరువు. అంతా పెరట్లోనే, బొట్టు కూడా కాలువలోకి పోదు. అన్నీ అలాగే అమర్చి, దసరా ముందురోజు ఆ పొయ్యి మీద చాయ్ కాచి బాపుకు ఇస్తానని అందరి ముందూ ప్రకటించాను.

ఇక్కడ గ్యాస్ కాక గురించి చెప్పాలి. బాపు స్నేహితుడు, గనిలో సర్దార్‌గా చేసి రిటైరైనవాడు. షిఫ్టువాళ్లు గనిలోకి దిగకముందే పనిచోటికి వెళ్లి, గ్యాసు ఉందేమో చూసి, కర్రతో పైకప్పు తట్టి, క్షేమమనిపిస్తే సుద్దముక్కతో తారీఖు వేసి సంతకం పెట్టేవాడే సర్దార్. ఆ సంతకం కనబడందే ఎవరూ అడుగు పెట్టరు. బాపు ఉద్యోగమంతా కాక సంతకం వెనకాలే నడిచింది. అటువంటి మనిషి ఒక సాయంత్రం బీడీ కాలుస్తూ వచ్చి, "గీ డ్రమ్ముల ఏముందిరా?" అని అడిగాడు. ఎరువు అంటే సరిపోయేది.

"మీథేన్ కాకా. మీ బాయిల ఉండేదే" అన్నాను.

కాక చేతిలోని బీడీ చేపల తొట్టిలో పడింది. ఆ క్షణం నుంచి మా పెరడు గని అయిపోయింది. బాపు బీడీ కాల్చుకోవడానికి వీధి చివరికి పోవలసి వచ్చింది. (ఈ ఫలితాన్ని నేను ముందే ఊహించలేదని చెప్పలేను.) మర్నాడు తెల్లవారేసరికి పాత బూట్లు తొడుక్కుని కాక హాజరు. డ్రమ్ము మీద పైకప్పు లేదు కనక, వసారా రేకు కొసను కర్రతో తట్టాడు. డ్రమ్ము మీద తారీఖు వేసి సంతకం పెట్టాడు. అలా రోజూ, నేను నిద్ర లేవకముందే. ఆ సంతకాన్ని ఫోటో తీసి స్నేహితులందరికీ పంపి, పడీ పడీ నవ్వాను.

ట్యూబు మాత్రం ఉబ్బలేదు. పేడ పెంచాను, బెల్లం నీళ్లు పోశాను, అతుకులన్నిటికీ సబ్బు నురగ రాసి చూశాను. డ్రమ్మును ఎండలోకి జరిపాను. చివరికి చేపల జీర్ణశక్తినే అనుమానించాను. నా మొహం చూసి కాక భుజం తట్టేవాడు: "ఫికర్ చెయ్యకు బిడ్డా. నేనుండంగ ఏం కాదు."

దసరా ముందురోజు రానే వచ్చింది. బాపు కుర్చీ వేసుకున్నాడు, పెద్దవ్వ అలవాటు కొద్దీ కొంగు ముక్కుకు కట్టుకుని కూర్చుంది. కాక మాత్రం గోడ అవతల నిలబడి, "అగ్గిపుల్ల గియ్యకుండ్రి!" అని కేకలు. పొయ్యి తిప్పాను. 'ఉస్' అని ఒక్క నిట్టూర్పు, అంతే. పుల్ల తరవాత పుల్ల ఆరిపోయింది.

"రేపు యూనిఫారం తెచ్చుకో" అని బాపు లేచాడు.

"గ్యాసు లేదా?" అని గోడ మీదుగా తల పెట్టాడు కాక. "ఎట్లుంటది? రోజు పొద్దుగాల వాల్వు ఇప్పి ఇడుస్తనే ఉంటి. గా సంతకం ఎందుకు పెట్టిన అనుకున్నవ్? ఊకె చూసి పోయినందుకా?"

బాపు నెమ్మదిగా మళ్లీ కూర్చున్నాడు. "ఎంతుంటుండె?"

"మస్తు. ఇప్పంగనే పాము లెక్క బుసకొడ్తుండె."

"సర్దార్ ఉన్నదంటె ఉన్నట్టే" అన్నాడు బాపు. డిగ్రీ చదివిన నా మాట మీద కలగని నమ్మకం! "ఇంకో వారం చూద్దాం. నువ్వు మాత్రం వాల్వు ముట్టకు సర్దార్."

"గ్యాసున్న కాడ తియ్యకుండ సంతకం పెట్ట. నాతోని కాదు" అన్నాడు కాక, అప్పుడే మెమో అందుకున్న మనిషిలా.

పెద్దవ్వ కొంగు విప్పింది. "తీసుడేదో పొయ్యిల పెట్టి తియ్యరాదు? చాయన్న కాగుతది. ఎట్లనో గట్ల కానియ్యుండ్రి. పొల్లగాడు గోడ మీదికెల్లి గా తేట నీళ్లు పోసినంక నా సొరతీగ గోడెక్కుతున్నది, ఇప్పుడు చేపలు పోతె ఎట్ల?"

వారంలోగా లారీ ట్యూబు పెళ్లి భోజనాలు మరిగిన బావలా బలిసింది. పుల్ల కాకే గీస్తానన్నాడు; చెయ్యి బారెడు చాచి, మొహం అటు తిప్పుకుని గీశాడు. పొయ్యి మీద నీలిమంట విచ్చుకుంది. ఆయన మెల్లగా మొహం ఇటు తిప్పాడు. "బాయిల దీన్ని చూస్తె ఉర్కుడే తెల్సు నాకు. చాయ్ పెట్టుడు తెల్వకపాయె" అన్నాడు.

ఇప్పుడు తొట్లు ఇంకా పెరిగాయి. కాలువ ఎండిపోయింది. కాక పొద్దున్నే వచ్చి చాయ్ రూపంలో గ్యాసు 'తీసి', సుద్దతో సంతకం పెడుతూనే ఉన్నాడు. మొన్న ఆయన మంచిర్యాలలో కూతురింటికి వెళ్లాడు. మర్నాడు పొద్దున బాపు డ్రమ్ము దాకా వచ్చి, సంతకం లేని చోటు చూసి, చాయ్ అడక్కుండానే వెనక్కి తిరిగాడు. నేను అటూ ఇటూ చూసి, సుద్దముక్క తీసుకుని తారీఖు వేసి సంతకం పెట్టాను. నాలోని ఆ రోజుల కుర్రాడు గనక అక్కడుంటే, ఈ పెద్దమనిషిని ఫోటో తీసి స్నేహితులందరికీ పంపేవాడు.

బాపు మళ్లీ వచ్చి ఆ సంతకాన్ని కాసేపు పరీక్షగా చూశాడు.

"రేకు తట్టినవా?"

"తట్టిన బాపు."

"అయితె పెట్టు చాయ్."