నడుం మీద చెయ్యి

నేను లెక్కల టీచర్ని. స్టాఫ్‌రూములో దెయ్యాల మాటొస్తే ముందు నవ్వేది నేనే. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను.

మా ఆయన తిరువూరులో ఒక కాలేజీలో చరిత్ర చెబుతారు. నేను ఆయనకి రెండో భార్యని. మొదటి భార్య సుశీల జబ్బు చేసి పోయింది. హాల్లో ఆవిడ ఫోటో ఉంది. దానికి దండ ఆయనే మారుస్తారు, నన్ను ముట్టుకోనివ్వరు. ఆవిడ గురించి ఒక్క మాటా చెప్పరు. చెడుగా చెప్పినా నాకు కాస్త ఊరటగా ఉండేది.

మొన్న మామిడికాయల సీజనులో ఆయన కాలేజీలో పాత గ్రీసు తవ్వకాల గురించి మాట్లాడాల్సి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం లాప్‌టాప్ పెట్టుకుని ముందు నాకు చెప్పి చూసుకున్నారు. గుళ్ళూ రాజులూ రాతా ఏవీ లేని రోజుల్లోనే అక్కడి జనం పడవలేసుకుని ఒక దీవికి వెళ్ళి, నల్లటి గాజురాయి తెచ్చుకుని కత్తులు చేసుకునేవారట. ఆసక్తిగానే విన్నాను.

తర్వాత ఒక గుహలో దొరికిన జంట ఫోటో వచ్చింది. రెండు అస్థిపంజరాలు పక్కకి తిరిగి, కాళ్ళు ముడుచుకుని ఉన్నాయి. వెనకున్న మనిషి చెయ్యి ముందున్న ఆమెని చుట్టుకుని ఉంది. వేల ఏళ్ళుగా అలాగే ఉన్నారు. అక్కడికొచ్చేసరికి ఆయన చెప్పడం ఆపేసి హాల్లో ఫోటో వైపు చూశారు.

"ఆవిడే గుర్తొచ్చిందా?" అన్నాను.

ఆయన లాప్‌టాప్ మూసేసి బజారుకి వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. చనిపోయిన మనిషితో పోటీ ఏంటని నాకూ తెలుసు. అయినా ఆవిడ మీదే కాదు, ఆ గుహలో ఎముకల మీద కూడా కుళ్ళుకున్నాను. వీధి తలుపు గడియ వేసి, గదిలో గోడ వైపు తిరిగి పడుకున్నాను.

నిద్ర పట్టలేదు. పక్కింట్లో కుక్కర్ కూత వినపడుతూనే ఉంది. నా వెనక పరుపు కొద్దిగా కుంగింది. నడుం మీదుగా ఒక చెయ్యి వచ్చి నన్ను దగ్గరికి తీసుకుంది. సన్నటి ఆడచెయ్యి, వెచ్చగానే ఉంది. చిటికెన వేలు లోపలికి వంగిపోయి, దాని కణుపు నా పొట్టకి ఒత్తుకుంటోంది. విచిత్రంగా భయం వెయ్యలేదు, ఏడుపొచ్చింది. ఎంతసేపలా ఉన్నానో తెలియదు. తలుపు చప్పుడవగానే ఆ చెయ్యి లేదు. వెళ్ళి చూస్తే గడియ వేసినట్టే ఉంది. తీస్తే బయట మా ఆయన.

అంతా చెప్పాను. వేలి సంగతి రెండోసారి చెప్పించుకున్నారు. సుశీలకి చిన్నప్పుడు తలుపు సందులో పడి ఆ వేలు వంకరపోయిందట. ఫోటోలో చేతులు కనపడవు. ఈ సంగతి నాకెప్పుడైనా చెప్పారా అని ఎ.కొండూరులో ఉండే మా అత్తగారిని ఫోన్‌లో అడిగాను. ఎప్పుడూ చెప్పలేదన్నారు.

ఫోన్ పెట్టేశాక ఆయన నా వైపు తిరిగారు.

"ఇన్నేళ్ళలో నా దగ్గరికి ఒక్కసారీ రాలేదు. నీ దగ్గరికెందుకొచ్చింది?"

కోపంగానే అడిగారు. నిద్రమత్తు అనుకుందామంటే ఆ వేలు అనుకోనివ్వదు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు ఆయన ఆ గదిలో ఒక్కరే గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. లేచి వచ్చాక కాఫీ ఇస్తాను. నా మొహం చూడకుండా తాగుతారు.