శనక్కాయల అంచు

మా హిందూపురం అంగడికి వచ్చి "ఛాతీ మీద కంపెనీ పేరు పెద్దగా వెయ్యండి" అని ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. ఆ కాలం పోయింది. అంతంత అక్షరాల టీషర్టు ఇస్తే పనివాళ్ళు దాన్ని ఇల్లు తుడిచే గుడ్డ చేస్తున్నారని కంపెనీలకు కాస్త ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు పేరు చిన్నగా ఉండాలి, చేతి మడత మీదో, మెడ వెనకో. ప్లాస్టిక్ బదులు గుడ్డ సంచి ఉండాలి. ఉద్యోగి పేరు చెక్కిన స్టీలు నీళ్ళ సీసా ఉండాలి. రాసి రాసి అరిగిపోయాక మట్టిలో గుచ్చితే తులసి మొలిచే పెన్సిలు ఉండాలి. అన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది, పైన ఒక కార్డు పెట్టి, కొత్తగా చేరినవాళ్ళ చేతికివ్వాలి. దాన్ని వెల్‌కమ్ కిట్ అంటారు. అవి చేయించి ఇవ్వడమే పదేళ్ళుగా నా బతుకుతెరువు. తులసి మొలిచిందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ నాకు చెప్పలేదు.

ఈ పనిలో నా అంత తెలివైనది ఈ చుట్టుపక్కల లేదని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఆ తెలివితోనే మా నాయన మీద దొంగ అనే మాట పడేలా చేశాను.

రెండేళ్ళ కిందట పెనుకొండ దగ్గర ఒక విడిభాగాల ఫ్యాక్టరీ నుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేడమ్ బెంగళూరు నుంచి కొత్తగా వచ్చింది. పెద్ద ఆర్డరు. ఆ రోజు కాస్త గౌరవంగా కనిపించాలని నా పెళ్ళిచీర కట్టుకుని పోయాను. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం పట్టుచీర కట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర చెమటలు కక్కుతూ నిలబడిన నన్ను చూసి సెక్యూరిటీ ఆయన, "ఈడ పెండ్లేమీ లేదమ్మా" అన్నాడు.

మేడమ్ నా నమూనాలన్నీ తిరగేసింది. ఏదీ నచ్చలేదు. "లోకల్ టచ్ కావాలండీ. ఈ ఊళ్ళ వాసన రావాలి" అంది. కోట బొమ్మ చూపించాను. క్యాలెండర్లా ఉందంది. మగ్గం బొమ్మ చూపించాను. అందరూ అదే వేస్తున్నారంది. నేను ఫైలు మూసేస్తుంటే ఆమె కళ్ళు నా కొంగు మీద పడ్డాయి. లేచి వచ్చి అంచు చేతిలోకి తీసుకుంది. "ఇదేంటి, వేరుశనగ చెట్లా? ఇదే కావాలి!" అంది.

అప్పుడే కాదని చెప్పి ఉండాల్సింది.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేస్తాడు. ఆయన నేసేవన్నీ షావుకారు చెప్పిన డిజైన్లే. షావుకారు పట్టూ జరీ ఇస్తాడు, నేశాక చీర తీసుకుని కూలి ఇస్తాడు. అందులో నాయన సొంతమనేది ఏమీ ఉండదు. కానీ ఇంట్లో ఆడపిల్ల పెళ్ళికి నేసే చీరకు మాత్రం అంచు తానే కల్పించి వేయాలి. ఆ అంచును మళ్ళీ అమ్మకానికి నేయకూడదు. మా తాత పెట్టిన కట్టుబాటు అది. ఊళ్ళో అందరికీ ఉందో లేదో నాకు తెలీదు, మా ఇంట్లో ఉంది. అమ్మ చీర అంచు మళ్ళీ ఇంకొకరి ఒంటి మీద నేను చూడలేదు.

నా చీరకు నాయన శనక్కాయలు వేశాడు. చిన్నప్పుడు నేను ఉడకబెట్టిన శనక్కాయలు ఒళ్ళో పోసుకుని నాయన కాళ్ళు దించి నేసే మగ్గం గుంత పక్కన కూర్చునేదాన్ని. ఒలుస్తూ ఒలుస్తూ ఒంటిగింజ కాయ దొరికితే అది నాయనకు. ఆయన చేతులు ఖాళీ ఉండవు కాబట్టి నేనే నోట్లో పెట్టాలి. అందుకని ఆ అంచులో ప్రతి చెట్టుకూ పైన నాలుగు ఆకులు, కింద రెండేసి గింజల కాయలు, వాటి మధ్య ఒకే ఒక్క ఒంటిగింజ కాయ. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో వారాల తరబడి గీసి, చెరిపి, మళ్ళీ గీసి, ఆ లెక్కన మగ్గానికి తగిలించే అట్టలకు రంధ్రాలు కొట్టించాడు. ఒంటిగింజ సంగతి మా ఇద్దరికే తెలుసు. నాకన్నా బాగా చిన్నదైన చెల్లెలికి కూడా తెలీదు.

మేడమ్‌తో నేను, "తప్పకుండా చేద్దాం మేడమ్" అన్నాను. నా మనసులో నేను చెప్పుకున్న మాట ఇంకా గుర్తుంది: టీషర్టు మీద వేస్తే అది నేత కాదు గదా, అచ్చే గదా. కట్టుబాటు నేతకే.

కంప్యూటర్ ముందు నేనే కూర్చుని అంచును గీత గీతా దించాను. ఒంటిగింజ కాయను కూడా వదల్లేదు. అది తెర మీద పడినప్పుడు మురిసిపోయాను కూడా. టీషర్టు చేతులకూ, టోపీ అంచుకూ, సంచి నోటికీ శనక్కాయల తీగె చుట్టింది. పెట్టెలో పెట్టే కార్డు మీద ఈ బొమ్మ కథ రాయమని మేడమ్ అడిగింది. నాయన గురించి నాలుగు ముక్కలు రాశాను. చాలా ఇంటి సంగతిలా ఉంది, ఇంకా పాతకాలపుది అనిపించాలి అని తిప్పి పంపింది. అప్పుడు "శతాబ్దాల నాటి ధర్మవరం నేత సంప్రదాయం నుంచి" అని రాసిచ్చాను. ఆ అంచుకు అప్పటికి పట్టుమని పదేళ్ళు లేవు. చివరగా ఒక కాగితం వచ్చింది. ఆ బొమ్మ మీద సర్వహక్కులు కంపెనీవేనని అందులో ఉంది. అందరూ పంపే కాగితమే, అందరికీ పెట్టినట్టే సంతకం పెట్టేశాను.

నాయనకు చెప్పలేదు. ఆయన ప్రపంచం మగ్గం గుంత నుంచి టీ అంగడి దాకా. పెనుకొండలో ఎవరి టీషర్టు మీద ఏముందో ఆయనకెలా తెలుస్తుందిలే అనుకున్నాను.

పోయిన ఏడాది చెల్లెలి పెళ్ళి కుదిరింది. నాయన ఆమెకు జామపూల అంచు గీయడం మొదలుపెట్టాడు. చెల్లెలు మొండిది. "నాకొద్దు. నాకూ అక్క అంచే కావాల" అంది. నాయన రెండు రోజులు ఆలోచించాడు. మూడో రోజు నాకు ఫోన్ చేశాడు.

"అమ్మకానికి నేయగూడదన్నాడు గానీ, అక్కాచెల్లెండ్లకు ఒకటే నేయగూడదని మా నాయన అన్లేదు. నీకేమన్నా బాధుంటే చెప్పుమ్మా, ఆ చీర నీది" అన్నాడు.

నా అనుమతి అడుగుతున్నాడు ఆయన. "నాకేం బాధ నాయనా, నెయ్యి" అన్నాను. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇంకొకటి రాదని ఆ క్షణంలోనే తెలుసు. అయినా ఫోన్ పెట్టేశాను.

అటక మీది నుంచి నా చీర అంచు అట్టల మూట దిగింది. ఆదివారం ఆదివారం హిందూపురంలో రైలెక్కి ధర్మవరం పోయేదాన్ని, పెళ్ళి పనులు చూడటానికి. దారిలో పెనుకొండ వస్తుంది. అక్కడ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగిన కుర్రపిల్లలు గుంపుగా రైలు పెట్టె ఎక్కేవాళ్ళు. పది మందిలో నలుగురి చేతుల మీద శనక్కాయల తీగె. ఒకామె ఆ సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసి నా పక్కనే కూర్చుని చిత్రాన్నం తింది. నాకూ కొంచెం పెట్టబోయింది. నేను ధర్మవరం వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాను.

చీర నేత సగానికి వచ్చిన ఆదివారం నేను ఇంట్లోనే ఉన్నాను. చెల్లెలు గుడికి పోయింది. షావుకారు స్కూటర్ మీద వచ్చాడు, తన చీరల పని మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతావని అడగడానికి. వస్తూనే మగ్గం మీదికి వంగి చూశాడు.

"ఏమప్పా, ఇది ఆ పెనుకొండ ఫ్యాక్టరీ వాళ్ళ బొమ్మ గదా? యాడ చూసినావు దీన్ని?"

నాయనకు అర్థం కాలేదు. "ఏ ఫ్యాక్టరీ అన్నా?" అన్నాడు.

"మా అల్లుడు ఆడనే పంజేస్తాండేది. ఉండు, సూపిస్తా." బయటికి పోయి స్కూటర్ కొక్కేనికి తగిలించిన సంచి పట్టుకొచ్చాడు. అందులో ఉన్న పట్టు పోగుల లచ్చలు మంచం మీద కుమ్మరించి, ఖాళీ సంచిని నాయన చేతికిచ్చాడు. "ఇదిగో. అచ్చం ఇదే. ముప్పై ఏండ్లు నాకు నేసినావు, ఒక్కనాడు ఇంగొకని డిజైన్ ఎత్తలేదు. బిడ్డ పెండ్లికి ఈ కర్మ ఏమబ్బా నీకు?"

నేను తలుపు దగ్గర మంచినీళ్ళ చెంబుతో నిలబడిపోయాను. నాయన గుంతలోంచి లేవలేదు. సంచిని తొడ మీద పరుచుకుని, పడుగు పోగులు తడిమినట్టు బొటనవేలితో అచ్చును తడుముతూ పోయాడు. ఆకుల దగ్గర ఆగలేదు. కాయల దగ్గరకొచ్చాడు. ఒంటిగింజ కాయ మీద వేలు ఆగింది.

తలెత్తి నా వైపు చూశాడు. కోపం ఉంటే బాగుండేది. కోపం లేదు. చిన్నప్పుడు నేనేదైనా పగలగొట్టి దాక్కుంటే, వెతికి పట్టుకున్నాక చూసే చూపు అది. వెంటనే కళ్ళు తిప్పేసి సంచిని మడతపెట్టాడు.

"అవునన్నా. యాడనో చూసినా, బాగుండాదని నేసినా" అన్నాడు.

షావుకారు పెదవి చప్పరించాడు. "ఇంట్లోకి గాబట్టి సరిపోయింది. అమ్మేదానికైతే నేను ఒప్పుకోను" అని లచ్చలు మళ్ళీ సంచిలో వేసుకుని పోయాడు. ఆయన స్కూటర్ స్టార్టు చేసి, వీధి మలుపు తిరిగి, చప్పుడు వినపడకుండా పోయేదాకా చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

తర్వాత అన్నీ చెప్పాను. మేడమ్, కార్డు, శతాబ్దాలు, సంతకం. ఏడుస్తూ చెప్పాను. నాయన కండెకు పోగు చుట్టుకుంటూ విన్నాడు.

"పేరు రాసినావా, నేసింది ఎవరని?"

"లేదు నాయనా."

"సంతకం నీదేనా?"

"నాదే."

"ఇంగేముండాది మరి" అన్నాడు. అంతే.

షావుకారు దగ్గరికి పోయి నిజం చెప్పేస్తానన్నాను. వద్దన్నాడు. "నేను చూసి నేసినానంటే నాలుగు దినాలు నవ్వుకుంటారు. బిడ్డ అమ్ముకొనిందంటే అట్ల ఊరుకోరు" అన్నాడు. నేను గట్టిగా వాదించలేదు. వద్దన్నందుకు లోపల ఎక్కడో ఊపిరి పీల్చుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ జరిగింది అదే. ఇప్పటికీ ఆ వీధిలో నాయన కంపెనీ సంచి చూసి అంచు దించినవాడే. పెళ్ళిలో ఆడవాళ్ళు చెల్లెలి కొంగు పట్టుకుని, "భలే చూసి దించినాడే మీ నాయన" అని మెచ్చుకున్నారు కూడా. చెల్లెలికి ఏమీ తెలీదు. మా నాయన మా అక్క కోసమే గీసినాడని అందరితో వాదించింది. నా పెళ్ళి చీర అంచు ఎవరికీ గుర్తులేదు, ఎవరూ నమ్మలేదు.

పెళ్ళయిన వారానికి మేడమ్‌కు ఫోన్ చేశాను. కనీసం కార్డు మీద మా నాయన పేరు వేయండని అడిగాను. "అయ్యో, ఆ థీమ్ పోయిన ఏడాదితోనే అయిపోయింది కదండీ. ఇప్పుడంతా ప్లెయిన్. నల్ల టీషర్టు, ఏ బొమ్మా ఉండదు. మీకు కొటేషన్ అడగాలనే అనుకుంటున్నా" అంది. అయితే ఆ బొమ్మ మాకు తిరిగి ఇచ్చేస్తారా అన్నాను. దేన్ని తిరిగి ఇవ్వాలో ఆమెకు అర్థం కాలేదు. లీగల్ వాళ్ళను కనుక్కుంటానంది. మళ్ళీ ఫోన్ రాలేదు.

ఆ మరుసటి ఆదివారం ధర్మవరం పోయి తిరిగి బయలుదేరుతుంటే, నాయన అట్టల మూట తెచ్చి నా చేతిలో పెట్టాడు. పాత పంచెలో చుట్టి, పైన పట్టు పోగుతో కట్టాడు. మూట అటక ఎక్కుతుందనుకున్నాను నేను. ఎందుకు నాయనా నాకు అని అడిగాను.

"నీ దగ్గరే పెట్టుకోమ్మా. ఆ కంపెనీవాళ్ళు వచ్చి అడిగితే ఇయ్యాల గదా" అన్నాడు.

ఎత్తిపొడుపేమోనని ఆయన ముఖంలోకి చూశాను. కాదు. నిజంగానే అన్నాడు. ఇంకొకరి సొమ్ము ఇంట్లో ఉండకూడదని ఆయన అనుకుంటున్నాడు.

మూట ఇప్పుడు హిందూపురంలో మా అంగడి పై అరలో ఉంది, నల్ల టీషర్టుల అట్టపెట్టెల పక్కన. ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు.