టోపీ కోసం వచ్చిన కానిస్టేబుల్

పోలీసు, మిలిటరీ టోపీలు, బిళ్ళలు, పతకాలు పోగుచేయడం నాకు పిచ్చి. సిరిసిల్లలో ఈ సంగతి మా వాడంతటికీ తెలుసు. ఈ రోజు పొద్దున తంగళ్ళపల్లి దారిలో తెలంగాణ కోసం రాస్తారోకో చేస్తుంటే పోలీసులు లాఠీలతో తరిమారు. ఆ తోపులాటలో ఒక కానిస్టేబుల్ టోపీ కిందపడింది. నా వీపు మీద కొట్టినాయనదే. తీసుకుని ఇంటికి పట్టుకొచ్చాను.

సాయంత్రం నేను సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిలో ఉండగా ఆయన మామూలు బట్టల్లో వచ్చాడు.

"తమ్మీ, నా టోపీ నీ తాన్నే ఉంటదన్నరు. రేపు పరేడ్ ఉన్నది. టోపీ లేకుంటే మెమో ఇస్తరు."

"పొద్దుగాల కొట్టంగ తమ్మి యాదికి రాలేదా?"

"పైనోళ్ళు కొట్టుమన్నరు, కొట్టిన. మాది గీ జిల్లా మల్లాపూరే. నాకు వద్దా తెలంగాణ? టోపీ ఇయ్యి. రాష్ట్రం వచ్చిననాడు నా భుజాల మీది ఆంధ్రప్రదేశ్ బిళ్ళలు పీకి నీకే ఇస్త. అప్పుడు గవి యాడా దొరకయి."

ఒళ్ళు మండింది. అయినా ఇంటికి తీసుకెళ్ళి టోపీ ఇచ్చేశాను. వీపు ఇంకా నొస్తూనే ఉంది. రాష్ట్రం గురించి పెద్దపెద్దవాళ్ళు ఇచ్చిన మాటలు ఒక్కటీ నమ్మలేదు గానీ, ఈయన మాట నమ్మబుద్ధయింది. పెట్టెలో రెండు బిళ్ళలకు చోటు ఖాళీ చేసి పెట్టాను. మీరైతే టోపీ ఇచ్చేవాళ్ళా, చెప్పండి.