పడవ గదిలో టోకెనమ్మ

మ్యూజియంలో ఆమెను అందరూ టోకెనమ్మ అనేవారు. గుమ్మం పక్కన సంచులు దాచే కౌంటర్‌లో ఆమె ఉద్యోగం. సంచి తీసుకుని ఇత్తడి బిళ్ల ఇవ్వాలి, బిళ్ల తీసుకుని సంచి ఇవ్వాలి. మాటతో పెద్దగా పనిలేదు. ఆమెకు చిన్నప్పటి నుంచీ నత్తి కాబట్టి, అంతకన్నా అనువైన చోటు దొరకదని ఇంట్లోవాళ్లూ, ఆఫీసువాళ్లూ తీర్మానించేశారు.

నత్తితో ఆమె ఎలాగో సర్దుకుంది. సర్దుకోలేనిది ఎదుటివాళ్లతోనే. ఆమె నోరు తెరిచి మొదటి అక్షరం మీద ఆగితే చాలు, తక్కినది వాళ్లే పూర్తిచేసేవారు. కత్తెర కొనడానికి వెళ్లి కత్తి పట్టుకుని ఇంటికి వచ్చిన రోజులున్నాయి. కూతురు చిన్నగా ఉన్నప్పుడు పక్కలో పడుకోబెట్టుకుని కథ మొదలుపెడితే, బస్సు నడిపి అలసిపోయి వచ్చిన భర్త అవతలి మంచం మీద నుంచే కథ అందుకుని కంచికి పంపేసేవాడు. పాపం, సాయం చేస్తున్నాననే అనుకునేవాడు.

మ్యూజియంలో ఆదివారాలు పిల్లల్ని, పెద్దవాళ్లను కలిపి గదులన్నీ తిప్పి చూపించే కార్యక్రమం ఒకటుంది. చివర్లో పొడవాటి బల్ల మీద బంకమట్టి పెడతారు, చూసినదాన్ని పిల్లలు మట్టితో చేస్తారు. ఆ కార్యక్రమం నడిపే అమ్మాయికి వేరే ఊళ్లో ఉద్యోగం వచ్చింది. ఆమె స్థానంలో ఎవరు చేస్తారని ఆఫీసరు మేడమ్ సిబ్బందినంతా కూర్చోబెట్టి అడిగినప్పుడు వెనక వరసలోంచి టోకెనమ్మ చెయ్యి లేచింది.

మేడమ్ మంచి మనిషే. నొప్పించకుండా చెప్పాలని చూసింది. "మీరు మట్టి బల్ల దగ్గర ఉండండమ్మా. అక్కడైతే మాట్లాడే పనుండదు."

"మా... మాట్లాడే పనే కా... కావాలి మేడమ్."

మేడమ్ ఆదివారాల పట్టిక తిరగేసింది. చివరికి ఒక్క ఆదివారం చూద్దామంది మేడమ్.

ఆ వారమంతా వంటింట్లోనే సాధన. భర్తను స్టూలు మీద కూర్చోబెట్టి, సందర్శకులు మీరేనంది.

"న... నదిలో దొరికిన ప... ప..."

"పడవ," అన్నాడు.

"మీరు చెప్పకండి."

"అందించడం కూడా తప్పేనా?"

"అందించడం కాదది. నా నో... నోట్లోంచి లాక్కోవడం."

అతను స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "ఇన్నేళ్లుగా నీ మాటలూ నావీ కలిపి ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్నా. సరే, ఇక నీ బరువు నువ్వే మోసుకో," అని తువ్వాలు తీసి మూతికి అడ్డంగా కట్టుకున్నాడు. ఆమెకు నవ్వాగలేదు.

ఆదివారం వచ్చింది. పడవ గది కుటుంబాలతో నిండిపోయింది. ఎప్పుడో వంతెన పునాదులు తవ్వుతుంటే ఇసుకలో దొరికిన పాత పడవ మధ్యలో ఉంది. టోకెనమ్మ దాని ముందు నిలబడి నోరు తెరిచింది. మొదటి అక్షరమే గొంతులో వెలక్కాయ పడ్డట్టు ఇరుక్కుపోయింది.

"ప... ప..."

"పల్లకీ!" అన్నాడు ముందున్న ఒక తండ్రి సరదాగా. ఎవరో "పలక" అన్నారు. నవ్వులు లేచాయి. ఒకావిడ పిల్లాణ్ణి రెక్క పట్టుకుని పక్క గదికి నడిచింది. గుమ్మంలో ఉన్న మేడమ్ ఆదుకుందామని అడుగు ముందుకు వేసింది. టోకెనమ్మ అరచెయ్యి చూపించి ఆపింది.  ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"నా... నాకు నత్తండీ. మాట వస్తుంది, కాస్త ఆ... ఆలస్యంగా వస్తుంది. ద... దయచేసి ఎవరూ పూర్తి చేయకండి. నా మాట నేనే చె... చెప్తాను."

పల్లకీ అన్న తండ్రి తల దించుకున్నాడు. ఆమె మళ్లీ మొదటికి వచ్చింది. పడవ అడుగున నల్లగా మాడిన మచ్చ చూపించింది. అక్కడ పొయ్యి ఉండేదని, ఒక కుటుంబం ఈ చెక్కల మీదే వండుకుని, తిని, నిద్రపోయేదని, పిల్ల దువ్వెన ఒకటి ఈ చెక్కల సందులోనే దొరికిందని ఆగి ఆగి చెప్పింది. పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని మచ్చ వంక వంగి చూశారు.

"పొయ్యి వెలిగిస్తే పడవ కాలిపోదా?" అని ఒక చిన్నపిల్ల అడిగింది.

"కింద మం... మందంగా..." ఆమె ఆగింది. పిల్ల ఆమె నోటి వంకే చూస్తూ నిలబడింది. పిల్లకేమీ తొందర లేదు. "...మట్టి మెత్తేవారమ్మా."

మాట పూర్తయ్యాక టోకెనమ్మకు కళ్లు చెమర్చాయి. తన మాట కోసం ఒకరు అలా ఎదురుచూడటం ఆమె ఎరగదు.

ఆ రోజు అన్ని గదులూ చూపించేసరికి మట్టి బల్ల దగ్గర పిల్లలకు సమయమే మిగల్లేదు. బాగా సాగదీస్తోందని ఒకరిద్దరు మేడమ్‌తో అనేసి పోయారు. తర్వాతి వారం ఇంకా కష్టమైంది. ఒక మాట మీద ఎంతకీ కదల్లేక ఆమె బెంచీ మీద కూర్చుండిపోయింది, సగం మంది వెళ్లిపోయారు. ఆ సాయంత్రం భర్త మెల్లగా, "ఎందుకొచ్చిన బాధ, మానెయ్యచ్చు కదా," అన్నాడు.

"స... సగం మంది ఉన్నారు కదండీ," అంది ఆమె.

మర్నాడు మేడమ్ పిలిచింది. "మరీ ఆలస్యమవుతోందమ్మా. ఏం చేద్దాం?"

"గదులు త... తగ్గించండి మేడమ్. మాటలు తగ్గించను."

మేడమ్ ఒప్పుకుంది. అప్పటి నుంచి ఆదివారం ఒక్క పడవ గదే. అందరూ పడవ చుట్టూ నేల మీద కూర్చుంటారు. మొదట్లోనే ఆమె తన నత్తి సంగతి చెప్పేస్తుంది, కథ చెప్తుంది, తర్వాత పిల్లలు మట్టితో పొయ్యి ఉన్న పడవలు చేస్తారు. ఓపిక లేనివాళ్లు ఇప్పటికీ మధ్యలో లేచిపోతుంటారు. ఆమె నత్తి రవ్వంతైనా తగ్గలేదు. ఆమె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు చెప్పుకుపోతుంది.

ఈ మధ్య పాత తాళాల ప్రదర్శన పెట్టారు. దాన్నీ ఆమెకే అప్పగించారు. తకారం ఆమెకు పకారం కన్నా పెద్ద గండం. అది తెలిసి మేడమ్, "తాళాన్ని బీగం అనండి, తేలిగ్గా వస్తుంది," అంది.

"అక్కడ బోర్డు మీద తా... తాళమనే ఉంది మేడమ్. పిల్లలకూ అదే చె... చెప్తాను."

తలుపులు తెరవక ముందే ఆమె వచ్చి, గాజు పెట్టె ముందు నిలబడి, ఖాళీ గదిలో తకారంతో మొదలుపెడుతోంది.